డయాలసిస్‌లో ఉంటూ కిడ్నీ మార్పిడికి సిద్ధమవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మా అమ్మ ఇచ్చిన కిడ్నీతో బతుకుతున్నాను. అంతకుముందు ఇరవై ఆరు నెలలు వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకున్నాను. ఇప్పుడు చెకప్‌కి వెళ్ళినప్పుడల్లా పాత యూనిట్‌లోకి ఒకసారి తొంగిచూసి వస్తాను. కొత్తగా చేరినవాళ్ళు, వాళ్ళకి తోడు వచ్చినవాళ్ళు అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. నేను డాక్టర్‌ని కాను. ఇక్కడి అంకెలు సాధారణంగా చెప్పేవి, మీ రిపోర్టులు చూసి మీ నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టర్) వాటిని మార్చవచ్చు.

డయాలసిస్ ఒకసారి మొదలుపెడితే ఇక జీవితాంతం తప్పదంట కదా?

ఈ భయంతోనే చాలామంది ఆలస్యం చేస్తారు, ఆయాసంతో అర్ధరాత్రి ఎమర్జెన్సీకి చేరతారు. డయాలసిస్ అలవాటయ్యే మందు కాదు. పాముకాటు, తీవ్రమైన ఇన్ఫెక్షన్, విపరీతమైన విరేచనాల వల్ల కిడ్నీలు హఠాత్తుగా ఆగితే చాలామందికి కొన్నాళ్ళు డయాలసిస్ చేసి ఆపేస్తారు, కిడ్నీలు కోలుకుంటాయి. షుగర్, బీపీ వల్ల ఏళ్ళ తరబడి పాడైన కిడ్నీలు మాత్రం కోలుకోవు. అప్పుడు కిడ్నీ మార్చేదాకా మిషనే దిక్కు. తప్పనిసరి చేసింది జబ్బు, పాపం మిషన్ తప్పేం లేదు.

వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలా? రెండుసార్లు చాలదా?

మంచి కిడ్నీలు వారంలో 168 గంటలూ పనిచేస్తాయి. మనం మిషన్‌కి ఇస్తున్నది పన్నెండు గంటలు. అందులోనూ బేరమాడితే ఎలా? మూత్రం ఇంకా బాగా వస్తున్నవాళ్ళకి కొంతకాలం రెండుసార్లు సరిపోవచ్చు, కానీ ఆ మాట డాక్టర్ చెప్పాలి, ఆటో ఖర్చు చెప్పకూడదు. అరగంట ముందే లైను తీసేయమని టెక్నీషియన్‌ని బతిమాలడం మా యూనిట్‌లో రోజూ చూసేవాడిని. నేనూ బతిమాలాను. ఆ అరగంటలు నెలకి ఆరు గంటలవుతాయని మా యూనిట్ నర్సు ఒకరోజు లెక్కేసి చూపించాక మానేశాను.

మెడలో వేసిన డయాలసిస్ పైపుతోనే బాగా నడుస్తోంది. చేతికి ఫిస్టులా ఆపరేషన్ ఎందుకు?

పైపు ఎంత బాగా నడిచినా అది నేరుగా గుండె దగ్గరికి తెరిచిపెట్టిన తలుపు. చలితో జ్వరం వచ్చిందంటే ముందు దాన్నే అనుమానిస్తారు. ఫిస్టులా అంటే చేతిలో ధమనిని, సిరని కలిపి కుట్టడం. సిర గట్టిపడి సూదికి సిద్ధం కావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. అందుకే వాయిదా వేయకండి.

ఫిస్టులా చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి, సెలైన్ పెట్టనివ్వకండి, రక్తం తీయనివ్వకండి. ఆ చేత్తో బిందెలు మోయకండి, దాన్ని తలకింద పెట్టుకుని పడుకోకండి. పొద్దున లేవగానే ఫిస్టులా మీద వేళ్ళు ఆనించి చూడండి, పిల్లి గుర్రుమన్నట్టు లోపల అదురుతుంటుంది. ఆ అదురు ఆగితే అప్పాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఫిస్టులా ఇంకా పడనివాళ్ళు కూడా ఎడమచేతి నరాలు కాపాడుకోవాలి. రక్తపరీక్షలకి కుడి అరచేతి వెనకభాగం చూపించండి. ఎడమచేతి వాటం వాళ్ళు దీన్ని తిరగేసుకోండి.

రోజుకి నీళ్ళు ఎన్ని తాగాలి?

నిన్న ఎంత మూత్రం పోసుకున్నారో దానికి అర లీటరు కలపండి, సుమారుగా అది మీ వాటా. మూత్రం అసలు రానివాళ్ళకి ఆ అర లీటరు కొంచెం అటూ ఇటూ, అంతే. టీ, మజ్జిగ, చారు, సాంబారు, పుచ్చకాయ, ఐస్‌క్రీమ్ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మజ్జిగన్నం తినే మనకి ఇదే పెద్ద కష్టం.

అసలు దొంగ మాత్రం ఉప్పు. ఉప్పు తింటే దాహం వేస్తుంది, దాహం వేస్తే తాగకుండా ఎవరూ ఉండలేరు. రోజు మొత్తానికి ఒక చెంచా, అంటే ఐదు గ్రాములు దాటకూడదు. ఆవకాయ, వడియాలు, అప్పడాలు, మిక్చర్ మానేసిన వారంలోనే దాహం సగం తగ్గింది నాకు. మిగతాది చిన్న చిట్కాలతో నెట్టుకొచ్చాను: చిన్న స్టీలు గ్లాసు, నోట్లో ఒక ఐసుముక్క లేదా లవంగం, మాత్రలన్నీ ఒకే గుటకలో.

రెండు డయాలసిస్‌ల మధ్య బరువు రెండు, రెండున్నర కిలోలకి మించకుండా చూసుకోమంటారు. దానికో లెక్క ఉంది. గంటకి, కిలో శరీర బరువుకి 13 మిల్లీలీటర్లకి మించి నీరు లాగితే గుండెకి దెబ్బ. 60 కిలోల మనిషికి నాలుగు గంటల్లో తీయగలిగేది సుమారు మూడు లీటర్లు. ఒక సంక్రాంతికి మా యూనిట్ సెలవు వల్ల నాకు మూడు రోజుల విరామం వచ్చింది. అరిసెలు, పులిహోర, చుట్టాలతో కబుర్లు, మధ్యమధ్యలో నీళ్ళు. నాలుగున్నర కిలోలు పెరిగాను. కనుమ రోజు రాత్రి పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని తెల్లవార్లూ కూర్చున్నాను. వారంలో రెండు రోజుల విరామం వచ్చేటప్పుడు అందరికీ ప్రమాదం ఎక్కువే. సోమ, బుధ, శుక్రవారాల వాళ్ళు శని, ఆదివారాల్లో ఇంకాస్త బిగపట్టాలి.

ఏం తినాలి, ఏం తినకూడదు?

కొబ్బరిబోండాంతో మొదలుపెడదాం. మనవాళ్ళు రోగిని చూడటానికి వస్తూ పట్టుకొచ్చేది అదే. అందులో పొటాషియం ఎక్కువ. మామూలుగా రక్తంలో 3.5 నుంచి 5 దాకా ఉండాల్సిన పొటాషియం 6 దాటితే గుండె లయ తప్పవచ్చు, ముందుగా ఏ నొప్పీ లేకుండానే. కాబట్టి బోండాలు, బత్తాయి రసం, అరటిపళ్ళు తెచ్చిన చుట్టాలకి దండం పెట్టి వాళ్ళచేతే తాగించండి. ఎండుద్రాక్ష, ఖర్జూరం, చింతపండు పులుసు, టమాటా, బంగాళాదుంప, చాలా ఆకుకూరలు కూడా ఈ జాబితాలోవే. స్టార్ ఫ్రూట్ అనే నక్షత్రం పండు జోలికి అసలు పోకండి. కిడ్నీలు పనిచేయనివాళ్ళకి అది మెదడు మీద విషంలా పనిచేస్తుంది.

కూరగాయల్ని చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండితే పొటాషియం కొంత పోతుంది. రుచి కూడా కొంత పోతుంది, అబద్ధం చెప్పను. పోపు గట్టిగా పెట్టుకుని, దించాక నిమ్మచుక్క పిండుకుంటే నాలుగు ముద్దలు దిగుతాయి. బీరకాయ, దొండకాయ, క్యాబేజీ, పళ్ళలో ఆపిల్, అనాస తక్కువ మోతాదులో ఫర్వాలేదు.

ఉప్పు బదులు బజారులో దొరికే 'లో సోడియం' ఉప్పు కొనకండి, అందులో సోడియం తీసి పెట్టింది పొటాషియమే. సైంధవ లవణం కూడా చివరికి ఉప్పే.

ఇక మాంసకృత్తులు. డయాలసిస్‌కి ముందు తగ్గించమన్నారని ఇప్పటికీ గుడ్డు కూడా ముట్టనివాళ్ళున్నారు. మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. మిషన్‌తో కొంత ప్రోటీన్ పోతుంది కాబట్టి కిలో బరువుకి రోజుకి గ్రాము, గ్రామున్నర మధ్య అవసరమవుతుంది. గుడ్డులో తెల్లసొన అన్నిటికన్నా చవక, మంచిది. శాకాహారులు పప్పు, పనీరు ఎంత తినాలో డైటీషియన్‌ని అడిగి రాయించుకోండి. ఫాస్ఫరస్ తగ్గించే మాత్రలు అన్నంతో పాటు, మొదటి ముద్దలోనే వేసుకోవాలి. తిన్న గంటకి వేసుకుంటే డబ్బు దండగ.

డయాలసిస్ అయ్యాక ఒళ్ళు పిండేసినట్టు ఉంటుంది, పిక్కలు పట్టేస్తాయి. ఎందుకు?

ఎక్కువ నీరు వేగంగా లాగడం వల్ల, లేదా డ్రై వెయిట్ తప్పుగా పెట్టడం వల్ల. డ్రై వెయిట్ అంటే ఒంట్లో అదనపు నీరు లేని అసలు బరువు. ఆకలి కుదిరి రెండు కిలోల కండ పట్టినా, అదీ నీరే అనుకుని మిషన్ లాగేస్తుంది. ప్రతిసారీ పిక్కలు పడుతుంటే డాక్టర్‌కి చెప్పి ఆ అంకెని మార్పించుకోవాలి. బీపీ మాత్ర డయాలసిస్‌కి ముందు వేసుకోవాలా, తర్వాతా అనేది కూడా అడగండి. రక్తం తక్కువైతే ఎరిత్రోపొయెటిన్ ఇంజెక్షన్, ఐరన్ ఇస్తారు.

ఇంట్లోనే చేసుకునే డయాలసిస్ ఉందంటున్నారు?

ఉంది, పెరిటోనియల్ డయాలసిస్ అంటారు. పొట్టలోకి చిన్న గొట్టం వేసి, రెండు లీటర్ల ద్రవం లోపలికి పంపి, కొన్ని గంటలు ఉంచి తీసేయడం, రోజుకి మూడు నాలుగుసార్లు. సూదులు ఉండవు, తిండి, నీళ్ళ ఆంక్షలు కాస్త తక్కువ. డయాలసిస్ సెంటర్ దూరంగా ఉన్న పల్లెవాళ్ళకి, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి బాగా పనికొస్తుంది. శుభ్రమైన గది, చేతులు కడుక్కునే ఓపిక కావాలి. పొట్టలో ఇన్ఫెక్షన్ వస్తే మొదటి గుర్తు బయటికొచ్చే ద్రవం మసకబారడం. మనదగ్గర దీని గురించి చెప్పేవాళ్ళే తక్కువ, మీరే అడగాలి.

పసరు మందుతో క్రియాటినిన్ దిగిందని ఒకరు చెప్పారు...

అలాంటి మందు తాగొచ్చి పొటాషియం పెరిగి ఐసీయూలో చేరినవాళ్ళని నేను చూశాను. క్రియాటినిన్ అంటే కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం, డయాలసిస్ చేయించుకుంటున్న మనిషికి మిషన్ వల్ల అది ఎలాగూ దిగుతుంది. ఆ పేరు పసరుకి పోతుంది.

ట్రాన్స్‌ప్లాంట్ గురించి ఎప్పుడు ఆలోచించాలి?

మొదటి నెలలోనే. నేను చేసిన పెద్ద తప్పు ఇదే. 'ముందు ఇది కుదుటపడనీ' అనుకుని ఏడాది ఊరికే పోగొట్టాను. ఇంట్లో దాత ముందే సిద్ధంగా ఉంటే అసలు డయాలసిస్ మొదలుకాకముందే మార్పిడి చేయించుకోవచ్చు కూడా. డయాలసిస్‌లో ఎంత తక్కువ కాలం గడిపితే కొత్త కిడ్నీకి అంత మేలు.

డయాలసిస్‌లో ఉన్న ఆ నెలల్లోనే చాలా పనులు పూర్తి చేసుకోవచ్చు. హెపటైటిస్-బి టీకా రెట్టింపు మోతాదులో నాలుగుసార్లు: మొదటిది, నెలకి, రెండు నెలలకి, ఆరు నెలలకి. ఇది పూర్తికావడానికే అర్ధ సంవత్సరం. పుచ్చిపళ్ళు ఉంటే ఇప్పుడే తీయించుకోండి. మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడతారు కాబట్టి చిగుళ్ళ చీము కూడా చిన్న విషయం కాదు. గుండెకి ఎకో, షుగర్ ఉన్నవాళ్ళకి బహుశా యాంజియోగ్రామ్, టీబీ పరీక్ష, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు ఉంటాయి. సిగరెట్, గుట్కా మానాలి. లావు ఉంటే తగ్గాలి, మరీ బక్కగా ఉంటే పుంజుకోవాలి. రోజూ అరగంట నడక. ఆపరేషన్ తట్టుకోవాల్సింది ఈ ఒళ్ళే.

హిమోగ్లోబిన్ 6 ఉంది. రక్తం ఎక్కించుకోవచ్చా?

ప్రాణం మీదికొస్తే ఎక్కించుకోవాల్సిందే. అంత అవసరం లేకపోతే వద్దు. ఒక్కో రక్తం సీసాతో మన ఒంట్లో ఇతరుల కణాల మీద యాంటీబాడీలు పెరుగుతాయి, రేపు దాతతో క్రాస్‌మ్యాచ్ (మన రక్తం దాత కణాల మీద తిరగబడుతుందేమో చూసే పరీక్ష) చేసినప్పుడు అవి అడ్డం తిరుగుతాయి. గర్భాల వల్ల కూడా ఇలా అవుతుంది, అందుకే తల్లులైన ఆడవాళ్ళకి కిడ్నీ కుదరడం కాస్త కష్టం. తప్పనిసరైతే తెల్లకణాలు వడకట్టిన రక్తం అడగండి, 'మార్పిడికి ప్రయత్నిస్తున్నాను' అని ఆ డాక్టర్‌కి చెప్పండి.

కిడ్నీ ఎవరివ్వవచ్చు?

1994 నాటి అవయవ మార్పిడి చట్టం, 2011 సవరణ ప్రకారం దగ్గరి బంధువులంటే భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తాతలు, అమ్మమ్మ, నానమ్మ, మనవలు. దాతకి 18 ఏళ్ళు నిండాలి. మన లెక్కలో ఎంత దగ్గరైనా మేనమామ, బావమరిది, పెదనాన్న కొడుకు చట్టం లెక్కలో దగ్గరివాళ్ళు కారు. వాళ్ళు ఇస్తామంటే ఆథరైజేషన్ కమిటీ ముందుకు వెళ్ళాలి. డబ్బు ప్రమేయం లేదని, ప్రేమతోనే ఇస్తున్నారని కమిటీకి నమ్మకం కలగాలి. కాగితాలు ముందే కూడబెట్టండి: ఆధార్‌లో పేర్లు, ఇంటిపేర్లు తేడా లేకుండా, పెళ్ళి సర్టిఫికెట్, పాత ఫొటోలు, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. ఆధార్‌లో ఒక్క అక్షరం తేడాతో మాకు మూడు వారాలు పోయాయి.

బ్లడ్ గ్రూపు రక్తదానం లెక్కే: 'ఓ' ఎవరికైనా ఇవ్వవచ్చు, 'ఏబీ' ఎవరిదైనా తీసుకోవచ్చు. పాజిటివ్, నెగెటివ్ తేడా అడ్డం కాదు. కణజాలం తల్లి, తండ్రి, బిడ్డలతో సగం ఎలాగూ కలుస్తుంది. తోబుట్టువుల్లో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి.

శ్రీకాకుళం ఉద్దానం వాళ్ళకి ఇక్కడో చిక్కుంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి జబ్బు ఉంటుంది, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఇవ్వడానికి వచ్చిన తమ్ముడికే రేపు జబ్బు రావచ్చు. అలాంటి ఇళ్ళలో దాత పరీక్షలు రెండింతలు జాగ్రత్తగా చేయించాలి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు.

గ్రూపు కలవకపోతే దారి లేదా?

ఉంది. మీ భార్య గ్రూపు మీకు కలవక, ఇంకో జంటదీ అలాగే ఉండి, అడ్డంగా మార్చుకుంటే కలిసేటట్టయితే స్వాప్ చేస్తారు. చట్టం ఒప్పుకుంటుంది. గ్రూపు కలవకపోయినా ముందే యాంటీబాడీలు తగ్గించి చేసే పద్ధతి కూడా ఉంది, ఖర్చు బాగా పెరుగుతుంది.

ఇచ్చినవాళ్ళకి ఏమవుతుంది?

అన్ని పరీక్షలూ నెగ్గినవాళ్ళనే తీసుకుంటారు. ఆపరేషన్ ఎక్కువగా లాప్రోస్కోపీతో చేస్తారు, నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపుతారు, నెలా రెండు నెలల్లో మామూలు పనులు చేసుకోవచ్చు. మిగిలిన కిడ్నీ పని పెంచుకుని, రెండూ కలిసి చేసినదాంట్లో మూడింట రెండొంతుల దాకా లాక్కొస్తుంది. రిస్కు అసలే లేదని చెప్పడం మోసం. ముందుముందు బీపీ, కిడ్నీ సమస్య అవకాశం కొద్దిగా పెరుగుతుంది. కాబట్టి ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్, మూత్రపరీక్ష జీవితాంతం చేయించాలి, నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగకూడదు. పిల్లల్ని కనాల్సిన వయసు ఆడపిల్ల ఇస్తానంటే గర్భంలో బీపీ రిస్కు గురించి ముందే మాట్లాడండి.

మన దేశంలో బతికుండి కిడ్నీ ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. తల్లి, భార్య ఇస్తారు, అన్నదమ్ములు పరీక్షల దాకా వచ్చి ఆగిపోతారు. దీన్ని త్యాగమని పొగిడి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. దాత ఆడమనిషి అయితే ఆమె ఇష్టాన్ని, తీసుకునే మనిషి కాకుండా వేరేవాళ్ళు విడిగా నిర్ధారించాలని 2014 నిబంధనల్లో ఉంది. మా అమ్మని కౌన్సిలర్ ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడింది. నేను బయట బెంచీ మీద టెన్షన్‌తో గోళ్ళు కొరుక్కున్నాను. అమ్మ బయటికొచ్చి, 'వద్దనుకుంటే ఏదో రిపోర్టు సరిగా లేదని డాక్టరే చెప్తారట, నీకు తెలియనివ్వరట' అని నవ్వింది. ఇవ్వనన్నవాళ్ళ మీద కోపం పెట్టుకోకండి. ఎవరి కిడ్నీ వాళ్ళది.

డబ్బిచ్చి కొనుక్కుంటే?

నేరం. కొన్నవాళ్ళకి, అమ్మినవాళ్ళకి, మధ్యవర్తికి కూడా ఐదు నుంచి పదేళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా.

ఇంట్లో దాత లేరు. జీవన్‌దాన్‌లో ఎలా చేరాలి?

మీరు మార్పిడి చేయించుకోవాలనుకునే ఆసుపత్రి ద్వారానే పేరు నమోదవుతుంది. రెండు తెలుగు రాష్ట్రాలకీ వేరువేరు జీవన్‌దాన్ (ప్రభుత్వ అవయవదాన) కార్యక్రమాలు ఉన్నాయి. బ్రెయిన్‌డెడ్ అయినవాళ్ళ కుటుంబాలు ఒప్పుకుంటే వచ్చే కిడ్నీలు ఇవి. గ్రూపు, ఎంతకాలంగా ఎదురుచూస్తున్నారు లాంటివి చూసి ఇస్తారు. ఏళ్ళు పట్టవచ్చు. ఇంట్లో దాతని వెతుకుతున్నా సరే, పేరు రాయించుకునే ఉంచండి. పరీక్షలు పాతబడకుండా చూసుకోండి, ఫోన్ నంబర్ మారితే ఆ రోజే చెప్పండి.

ఖర్చు?

ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్‌తో పాటు మార్పిడి కూడా ఉంది, ఆ పథకం కింద చేసే ఆసుపత్రికి వెళ్ళాలి. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియాల్లో చేస్తారు. ఆంధ్రలో డయాలసిస్ రోగులకి నెలకి 10,000 రూపాయల పింఛను, తెలంగాణలో 2,016. సీఎం సహాయ నిధికీ, ప్రధాని సహాయ నిధికీ దరఖాస్తు చేయవచ్చు. డయాలసిస్‌కి, మార్పిడికి వెళ్ళే రోగికీ తోడుకీ రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ ఉంది. ఆపరేషన్ ఖర్చు ఒక్కసారితో పోతుంది, నెలనెలా మందులే ఇల్లు గుల్ల చేసేవి. వాటి లెక్క ముందే వేసుకోండి.

పాత కిడ్నీలు తీసేస్తారా?

సాధారణంగా తీయరు. కొత్తది పొత్తికడుపులో ఒక పక్కన పెడతారు. నాకు మూడు కిడ్నీలు అని మా పిల్లలు బడిలో గొప్పలు చెప్పుకుంటారు.

తర్వాత మామూలు మనిషినే కదా?

దాదాపు. రోగనిరోధక శక్తిని తగ్గించే టాక్రోలిమస్ లాంటి మందులు గడియారం చూసి, పన్నెండు గంటలకోసారి, కిడ్నీ ఉన్నన్నాళ్ళూ. బాగున్నానని రెండు రోజులు మానేసి కిడ్నీ పోగొట్టుకున్నవాళ్ళున్నారు. రక్తంలో మందు లెవెల్ చూసే రోజు పొద్దుటి మాత్ర వేసుకోకుండా వెళ్ళి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి. పంపరపనస తినకూడదు, మందు లెవెల్ పెరిగిపోతుంది. వేరే డాక్టర్ రాసిన ఏ మందైనా, ముఖ్యంగా టీబీ మందులు, మీ నెఫ్రాలజిస్టుకి చూపించాకే వాడాలి. జ్వరం, మూత్రం తగ్గడం, కాళ్ళవాపు, కుట్టుదగ్గర నొప్పి వస్తే ఆ రోజే వెళ్ళాలి. పిల్లల్ని కనాలనుకునే ఆడవాళ్ళు కనీసం ఏడాది ఆగి, వాటిలో మైకోఫెనొలేట్ అనే మందుని మార్పించుకున్నాకే ప్రయత్నించాలి.

ఫోన్ వస్తే ఏం చేయాలి?

జీవన్‌దాన్‌లో ఉన్నవాళ్ళకి ఈ ఫోన్ అర్ధరాత్రి కూడా రావచ్చు. బయటికి తీసిన కిడ్నీని ఐసులో దాచగలిగేది కొన్ని గంటలే. ఫోన్ వచ్చిన క్షణం నుంచి మంచినీళ్ళు కూడా తాగకండి. చివరి డయాలసిస్ ఎప్పుడు, జ్వరం, దగ్గు ఉన్నాయా అని అడుగుతారు, ఉన్నదున్నట్టు చెప్పండి. వెళ్ళాక క్రాస్‌మ్యాచ్ కుదరలేదని వెనక్కి పంపేయవచ్చు కూడా. మా యూనిట్‌లో ఒకాయన రెండుసార్లు అలా వెనక్కి వచ్చాడు, మూడోసారి కుదిరింది.

సంచి ముందే సర్ది తలుపు పక్కన పెట్టుకోండి: రిపోర్టుల ఫైలు, ఆధార్, పథకం కార్డు, వాడుతున్న మందుల చీటీ, ఫోన్ ఛార్జర్, రెండు జతల బట్టలు. కారున్న పక్కింటివాళ్ళ నంబర్ ఒకటి ఫోన్‌లో కాకుండా గోడమీద రాసిపెట్టండి. ఆ కంగారులో ఇంట్లోవాళ్ళకి ఫోన్‌లో వెతకడం చేతకాదు.